రంగం వెళ్ళాల్సిన దాలమ్మ

ఉద్యోగం వదిలాక ఇది ఐదో వేసవి. విజయనగరంలో మా ఇంటి మెట్ల మీద పొద్దున్నే కూర్చుంటే శ్రీకాకుళం వైపు పోయే పాసింజరు కూత వినిపిస్తుంది. ఉద్యోగంలో చివరి ఎనిమిదేళ్ళు ఆ బండిలో తిరిగాను. ఆమదాలవలసలో దిగి, షేర్ ఆటో ఎక్కి, పాస్‌పోర్టు కేంద్రం తలుపు తీయకముందే గేటు దగ్గర నిలబడ్డ జనాన్ని దాటుకుంటూ లోపలికి వెళ్ళేదాన్ని. దాటేటప్పుడు ఎవరి ముఖంలోకీ చూడకూడదని మాలో మాకొక నియమం ఉండేది. చూస్తే ఆపుతారు. నేను చూసేదాన్ని. ఇప్పుడు ఆ కూత వినగానే బండి తప్పిపోయిందన్న కంగారు ఒక్క క్షణం పుడుతుంది. ఎక్కాల్సిన పని లేదని తరవాత గుర్తొస్తుంది. ఆ గుర్తు రావడం నాకు నచ్చదు.

ఈ మధ్య ఈ పనిలో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు ఇంటికి వచ్చారు. వేసవి రద్దీని ఎలా నెట్టుకొచ్చారో చెప్పండి మేడమ్ అన్నారు. నిబంధనలు వాళ్ళకి నాకంటే బాగా వచ్చు. వాటి గురించి నేను చెప్పేదేమీ లేదు. కాఫీ తాగే వేళలో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. పేర్లు మార్చాను, ఊరి పేరు చెప్పలేదు, తేదీలు తీసేశాను. ఉత్తరం రాసినా చాకలి పద్దు రాసినా ముందు తేదీ వేసే మనిషిని నేను. తేదీ లేకుండా రాయడం చెప్పులు లేకుండా బజారుకెళ్ళినట్టుగా ఉంది. కానీ తేదీ వేస్తే మనిషి దొరికిపోతుంది. వయసుల లెక్క మాత్రం మార్చలేదు. ఆ లెక్క తప్పితే ఈ కథ నిలబడదు.

రద్దీ

ఉగాది వెళ్ళిన వారం నుంచి మొదలయ్యేది. ఉద్దానం నుంచి గల్ఫుకు పోయే వెల్డర్లు, ఫిట్టర్లు. ఓడల మీద పనికి కుదిరిన కుర్రాళ్ళు. ఎచ్చెర్లలో చదువు ముగించి పై చదువులకి ఎక్కడికో రాసుకున్నవాళ్ళు. సెలవుల్లో సింగపూర్ చూసొద్దామనుకున్న బ్యాంకు దంపతులు. వీళ్ళందరికీ ఒకే నెలలో వెళ్ళాలి. మా దగ్గర కుర్చీలు పెరగవు, కెమెరాలు పెరగవు. అపాయింట్‌మెంటు దొరకడానికే వారాలు పట్టేది.

పోలీసు విచారణ దగ్గర మరో ముడి పడేది. మా జిల్లాల్లో వేసవి అంటే ఊరూరా అమ్మవారి సంబరాలు. సంబరం అంటే బందోబస్తు. పాస్‌పోర్టు విచారణకి తిరగాల్సిన కానిస్టేబులు ఘటాల ఊరేగింపు వెనక నడుస్తూ ఉంటాడు. ఆయన్ని తప్పుపట్టలేం. ఒక్క మనిషిని రెండు చోట్ల నిలబెట్టే విద్య ఏ శాఖకీ రాలేదు.

ఇక వేళ్ళ సంగతి. పలాస వైపు జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ళు వస్తే యంత్రం వాళ్ళని మనుషులుగా ఒప్పుకునేది కాదు. జీడి పాలకి వేలి చివరి గీతలు కాలిపోతాయి. కొత్తగా చేరిన అబ్బాయి ఒకడు అలాంటావిడని మళ్ళీ రమ్మని, మళ్ళీ రమ్మని పంపించాడు. మూడోసారి ఆవిడ చెయ్యి ముందుకు చాపి, "ఈసారేటి, సెయ్యి ఇంటికాడ ఒగ్గేసి రమ్మంటావా బాబూ?" అంది. వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. వేలిముద్ర పడనప్పుడు ఏం చెయ్యాలో రాసి ఉన్న కాగితం వాడి బల్ల సొరుగులోనే ఉంది. రద్దీలో మనం మొట్టమొదట మానేసే పని సొరుగు తియ్యడం. కొత్తవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇద్దరు ఆఫీసర్లు

నేను చాలామంది కింద పనిచేశాను. చెప్పుకోదగ్గవాళ్ళు ఇద్దరే.

మొదటాయన పాణిగ్రాహి గారు. మే నెలలో రోజూ కాసేపు తన గది వదిలి బయట బెంచీ మీద దరఖాస్తుదారుల మధ్య కూర్చునేవారు. తెలియనివాళ్ళు ఆయన్ని కూడా, "మీదేటి ఆగిపోనాది బాబూ?" అని అడిగేవాళ్ళు. ఆయన, "నాది ప్రమోషన్ ఆగింది" అనేవారు. లోపలికి వచ్చి మాతో అనేవారు: "ఎందుకు ఆగిందో మనం చెప్పగలిగితే సగం ఆలస్యం తగ్గినట్టే. చెప్పలేకపోతే ఆ ఆలస్యం మనదే." ఆయన ఒడియా యాసలో ఈ మాట నాకు ఇంకా వినిపిస్తుంది. ఆయన బదిలీ అయిన రోజున స్టేషన్ దాకా వెళ్ళాను. బండి కదిలాక ప్లాట్‌ఫాం మీద ఎంతసేపు ఉండిపోయానో రాయను.

రెండో ఆయన రఘురాం గారు. చెడ్డవారు కాదు. లంచం తెలియదు, సెలవు తెలియదు. కానీ ప్రతి సోమవారం పై ఆఫీసుకి పెండింగు సంఖ్య పంపాలి. ఆ సంఖ్య తగ్గాలి. ఫైలు తగ్గడానికి రెండు దారులున్నాయి. పని పూర్తి చెయ్యడం ఒకటి, మూసెయ్యడం ఒకటి. రెండింటికీ సోమవారం నాటి కాగితంలో ఒకే అంకె పడుతుంది. రఘురాం గారు ఆ తేడా చూడడం మానేశారు. ఏడాదిలో మిగతా నెలల్లో దానివల్ల పెద్ద నష్టం లేదు. మూసేసినా మళ్ళీ దరఖాస్తు పెట్టుకుంటారు. వేసవిలో మళ్ళీ అంటే వానలు వెళ్ళాకే.

దాలమ్మ ఫైలు ఈయన హయాంలో వచ్చింది. అది కరోనాకి ముందు ఒక వేసవి.

అప్ప కళ్ళు

దాలమ్మ ఎంక్వైరీ బల్ల దగ్గరికి మంగళవారం నాడు వచ్చింది. సన్నగా, పొడవుగా, ముదురు పచ్చ పొందూరు చీరలో ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అమ్మా, నా బుక్కు రానేదు. నాకంటే ఎనక ఏసినోళ్ళకి వొచ్చీసినాది."

ఎక్కడికి వెళ్ళాలని అడిగాను. అడగాల్సిన పని లేదు, అలవాటు.

"రంగం."

రంగూన్‌నీ, ఆ దేశాన్నంతటినీ కూడా మా వైపు పాతవాళ్ళు రంగం అంటారు. ఒకప్పుడు ఇక్కడి ఊళ్ళలో సగం మంది కూలికి అక్కడికే పోయేవాళ్ళు. ఓడెక్కి పోవడం, నాలుగేళ్ళకి తిరిగి రావడం, మళ్ళీ పోవడం. ఆ మాట మా నాయనమ్మ నోట విన్నాక మళ్ళీ వినలేదు. దాలమ్మ నోట విని తల ఎత్తాను.

ఆమె చెప్పింది ఇది. పుట్టింది రంగంలోనే. తండ్రి అక్కడ బియ్యం మిల్లులో పనిచేసేవాడు. అక్కడి ప్రభుత్వం మారి మనవాళ్ళని పంపించేసినప్పుడు తండ్రీ తల్లీ ఈమెని తీసుకుని ఓడెక్కారు. అప్పుడు ఈమెకి పదేళ్ళు. అక్క చిట్టెమ్మకి పదిహేడు. అప్పటికే ఆమెకి ఆ దేశంలోనే మౌల్మేన్ అనే ఊళ్ళో ఉన్న మనవాళ్ళింట్లో పెళ్ళయింది. ఆ ఇల్లు కదలలేదు. అక్క రేవు దాకా వచ్చి సాగనంపింది. అంతే. తరవాత ఉత్తరాలు కొన్నాళ్ళు వచ్చాయి, ఆగిపోయాయి. రెండేళ్ళ క్రితం ఎవరో ఫోనులో వెతికి కలిపారు. ఇప్పుడు అక్క మనవడు వారానికోసారి వీడియోలో మాట్లాడిస్తున్నాడు.

"మరి బాగానే ఉంది కదా" అన్నాను.

"ఏటి బాగున్నాది? మా అప్పకి కళ్ళు పోతన్నాయమ్మా. ఎడం కన్ను పోనాది. కుడిది ఓ రవ్వ ఉన్నాది. వోనాకాలం దాటదని డాకటేరు సెప్పీసినాడట. ఫోన్లో నాను కనబణ్ణు దాన్కి, ఎలుగొకటే కనబడతాది. దగ్గిరికెల్తే కనబడతాను. దాన్కి కళ్ళుండగా నన్నొకపాలి సూడాల."

మా వైపు అక్కని అప్ప అంటారు. అరవై నాలుగేళ్ళ మనిషి ఆ మాట అంటే పదేళ్ళ పిల్ల అన్నట్టే ఉంది.

ఫైలు తెరిచాను. దరఖాస్తులో పుట్టిన చోటు రంగూన్ అని సరిగ్గానే ఉంది. ఓడ దిగిన రోజున తండ్రికి ఇచ్చిన కార్డు, అందులో ఈమె పేరు, వయసు, అన్నీ జత చేసి ఉన్నాయి. తండ్రి దాన్ని ఎంత జాగ్రత్తగా దాచాడో మడత చూస్తే తెలుస్తుంది. ఇక్కడిదాకా తప్పు లేదు. పోలీసు రిపోర్టు దగ్గర ఆగింది. దరఖాస్తుదారు ఇదే ఊళ్ళో పుట్టినట్టు ఇరుగుపొరుగు సాక్షులిద్దరూ చెప్పారని అందులో ఉంది. కాగితం ఒకటి అంటోంది, ఊరు ఒకటి అంటోంది. రెండూ కలవకపోతే పాస్‌పోర్టు ఇవ్వరు. ఎవరు నా స్థానంలో ఉన్నా ఇవ్వరు.

రిపోర్టులో ఉన్నది ఆమెకి చెప్పి, సాక్షుల పేర్లు చదివాను. సూరమ్మ, అప్పన్న.

దాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే కుర్చీలో కూలబడింది.

"ఓలమ్మో. ఆళ్ళు అలగే సెప్తారమ్మా. మా ఊరికి ఎవులొచ్చినా అలగే సెప్తారు. పోలీసోడొచ్చినా, ఓట్లోళ్ళొచ్చినా, మందు సుక్కలేసే పిల్లొచ్చినా, దాలమ్మ మా ఊళ్ళోనే పుట్టినాదంతారు."

"ఎందుకు?"

"మావు ఓడ దిగి వొచ్చిన కొత్తల్లో ఒక ఆఫీసరు వొచ్చినాడు. రంగం నుండొచ్చినోళ్ళని ఎక్కడో కేంపులో పెడతారట, పేర్లు రాసుకోడానికొచ్చినాడు. ఊళ్ళో పెద్దలకి అది నచ్చనేదు. ఇలగొచ్చినోళ్ళు మాకాడ ఎవులూ నేరు, ఈళ్ళు ఇక్కడ పుట్టినోళ్ళేనని అందరూ ఒకటే మాట సెప్పీసినారు. ఆ ఆఫీసరు ఎల్లిపోనాడు. మాట మాత్రం ఉండిపోనాది."

కాలమ్ లేదు

రఘురాం గారి గదిలోకి ఫైలు పట్టుకెళ్ళాను. ఆయన చదివి, పెన్ను మూత తీశారు.

"మూసేయండి మేడమ్. అక్టోబర్లో మళ్ళీ వేసుకుంటుంది."

"అక్టోబరుకి వాళ్ళక్కకి కళ్ళుండవండి."

"అయ్యో" అన్నారు. నిజంగానే అన్నారు. తరవాత, "అది మనం ఎక్కడ రాస్తాం? ఏ కాలమ్‌లో?" అని అడిగారు.

కాలమ్ లేదు. ముప్ఫై ఏళ్ళు ఆ కాగితాలతో బతికాను, అలాంటి కాలమ్ నాకెక్కడా కనబడలేదు. ఉండాలని కూడా నేననను. ప్రతివాళ్ళకీ ఒక అప్ప ఉంటుంది, ప్రతి అప్పకీ కళ్ళో గుండో ఏదో ఒకటి పోతూనే ఉంటుంది. అవన్నీ రాయడానికి కాలమ్ పెడితే గట్టిగా ఏడ్చినవాళ్ళకే ముందు పాస్‌పోర్టు వస్తుంది. నేను జాలి చూపమని అడగలేదు. సాక్షుల్ని పిలిచి అడుగుతాను, అందుకు నియమం ఒప్పుకుంటుంది, సోమవారం లోపల తేలుస్తాను అన్నాను. ఆయన పెన్ను మూత పెట్టారు.

"సోమవారం పొద్దున్న అంకె పంపాలి" అన్నారు.

"శుక్రవారమే పిలుస్తాను" అన్నాను.

కొత్తగా చేరేవాళ్ళకి ఒక మాట. పై అధికారితో వాదించడానికి మంచితనం పనికిరాదు. నియమం తెలిసి ఉండాలి. నియమం ఎక్కడ ఆగమంటుందో అందరికీ తెలుసు. ఎక్కడ అడగమంటుందో కూడా తెలుసుకోండి. ఆ రెండోదాని గురించి మనకి ఎవరూ శిక్షణ ఇవ్వరు.

శుక్రవారం

ముగ్గురూ మొదటి బస్సుకే వచ్చారు. దాలమ్మ, పక్కింటి సూరమ్మ, వాళ్ళ వీధిలో పెద్దాయన అప్పన్న. సూరమ్మ పొట్టిగా, గట్టిగా ఉంది. లోపలికి అడుగుపెడుతూనే ఏసీ కింద నిలబడి, "ఇక్కడే ఉండిపోదుమా?" అంది. అప్పన్నగారికి కుర్చీ వేశాను. ఆయన తలపాగా విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"దాలమ్మ ఎక్కడ పుట్టిందమ్మా?" అని సూరమ్మని అడిగాను.

"మా ఊళ్ళోనే. మా పక్కింట్లో. నా కళ్ళతో సూసినాను."

"నీ వయసెంత?"

"యాబై మూడు."

"ఆమెకి అరవై నాలుగు. నువ్వు పుట్టడానికి పదకొండేళ్ళ ముందు ఎలా చూశావు?"

సూరమ్మ రెప్ప కూడా వెయ్యలేదు. "మాయమ్మ సూసినాది. మాయమ్మ కళ్ళూ నా కళ్ళూ ఏరేరేటి?"

వెనక నిలబడ్డ మా అటెండరు గోడ వైపు తిరిగిపోయాడు. భుజాలు ఊగుతున్నాయి. దాలమ్మ తల పట్టుకుంది.

"ఒసే సూరీ, నిజం సెప్పే. నాను సెప్పమన్నాను కదే."

"ఏటి నిజం? నువ్వు రంగందానివని సెప్పాలా? మా మాంగారు సచ్చిపోయే ముందు కూడా ఏటి సెప్పినాడు? ఎవులడిగినా దాలి మన పిల్లేనని సెప్పండి అన్నాడు. ఆయన నోటి మాట నాను కాదంతానా?"

"అది అప్పుడే. అప్పుడు నన్నట్టుకుపోతారని."

"ఇప్పుడట్టుకుపోరని ఎవులు సెప్పినారు?" సూరమ్మ నా వైపు తిరిగింది. "అమ్మా, ఇదిక్కడ పుట్టనేదని మావు రాసిచ్చేస్తే, రేపెవుడో వొచ్చి ఇది మనది కాదు, ఒగ్గెయ్ అంతే ఏటి సేస్తాం? మా నోటితో మావే సెప్పీసినట్టవదా?"

ఆమె అడిగింది తెలివితక్కువ ప్రశ్న కాదు. పుట్టిన చోటు వేరైనా తండ్రి ఈ దేశపు మనిషే కాబట్టి ఈమె కూడా ఈ దేశపు మనిషేనని, ఆ కార్డు అందుకు రుజువని, రంగంలో పుట్టానని చెప్పడం వల్ల ఆమెకి ఏ నష్టమూ లేదని నిదానంగా చెప్పాను. రెండుసార్లు చెప్పాను. అప్పన్నగారు తలాడించాడు. సూరమ్మ ఆడించలేదు.

"కాయితం మాట నాకు తెల్దు. ఇది ఎల్తే మళ్ళీ వొస్తాదా? అది సెప్పండి. అక్కడ అప్పుంది, మనవలున్నారు. ఇక్కడేటుంది దీనికి? మొగుడు నేడు, పిల్లల్నేరు. నానున్నాను, అంతే."

అసలు సంగతి అప్పుడు బయటపడింది. బయట టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు. దాలమ్మ లేచి వెళ్ళి సూరమ్మ పక్కన కూర్చుంది. గొంతు తగ్గించింది గానీ నాకు వినపడింది.

"సూరీ, నా మాటిను. నాను ఇక్కడే పుట్టినానంతే నాకు అప్ప నేదన్నట్టే కదే? దాన్ని మా యమ్మ కన్నాది రంగంలోనే. ఒకే ఇంట్లో. ఒకే మంచం మీద. నువ్వు నన్ను మీ ఊళ్ళో పుట్టించేస్తే, అదొక్కత్తే అక్కడ పుట్టినట్టు. దాన్కి సెల్లి నేదు, నాకు అప్ప నేదు. నువ్వు అన్నదానికి అర్తం అదే."

సూరమ్మ చాలాసేపు కొంగు చివర ముడి వేసి విప్పుతూ ఉంది. ఆఖరికి అప్పన్నగారు మాట్లాడాడు.

"నాను ఆ రోజున బండి కట్టుకెల్లినానమ్మా. ఈళ్ళు దిగినప్పుడు సామాన్లు తెచ్చింది నా బండే. నా సేతుల మీదుగా ఎక్కించినాను ఈ పిల్లని. కాళ్ళకి సెప్పులున్నాయి దీనికి, ఊళ్ళో పిల్లగుంటలెవులికీ నేవు. ఈ పిల్ల పుట్టింది రంగంలోనే. అలగే రాసుకోండి."

సూరమ్మ ఆయన వైపు గుర్రుగా చూసింది. "నువ్వెల్లి బండి తోలుకో, మావా" అంది. తరవాత నా వైపు తిరిగి, "నాను సూసినాది మాయమ్మ కళ్ళతోనే గదా. మాయమ్మ కూడా సూసుండదు. అలగే రాసీండి" అంది.

రాసుకున్నాను. ఇద్దరూ సంతకాలు పెట్టారు. సూరమ్మ సంతకం పెట్టేటప్పుడు పేరు మొదటి అక్షరం దగ్గర ఆగి, "ఎన్నాళ్ళుంటాది అక్కడ?" అని అడిగింది. వీసా నెలలోపు ఉండడానికే ఇస్తారని చెప్పాను. "అయితే సరే" అని మిగతా పేరు రాసింది.

సోమవారం రఘురాం గారు పంపిన అంకెలో ఈ ఫైలు తగ్గలేదు. పునర్విచారణ కోరుతూ కాగితం మాత్రం ఆ రోజే సంతకం చేశారు. ఆయన గురించి పైన కఠినంగా రాశాను కాబట్టి ఇది కూడా రాయాలి.

జ్యేష్ఠం సగం గడిచాక రెండో రిపోర్టు వచ్చింది. సంబరాలన్నీ అయిపోయాయి, అదే కానిస్టేబులు మళ్ళీ ఊరికి వెళ్ళాడు. రంగూన్‌లో పుట్టినట్టు సాక్షులు చెప్పారని రాశాడు. కిందే ఇంకో వాక్యం రాశాడు: ఈమె మా ఊరి మనిషేనని సాక్షులు పదే పదే చెప్పారు. ఆ వాక్యం రాయమని ఏ ఫారమూ అడగదు. ఆ కానిస్టేబుల్ని నేను ఎప్పుడూ చూడలేదు. ఎదురుపడితే కాఫీ ఇప్పించాలని చాలాకాలం అనుకున్నాను.

మొదటి వాన పడ్డ వారంలో పుస్తకం అచ్చయి దాలమ్మకి చేరింది. మౌల్మేన్ మనవడు వీసాకీ టిక్కెట్లకీ ఏర్పాట్లు చూశాడు. ఆషాఢం చివర్లో వెళ్ళింది. ఆ వానాకాలమంతా పాసింజరు కిటికీ దగ్గర కూర్చుని, అక్కడ కూడా వాన పడుతూ ఉంటుందా, కుడి కన్ను ఇంకా ఉందా అనుకునేదాన్ని. వేల పుస్తకాలకి సంతకం పెట్టాను. వెళ్ళినవాళ్ళు వెళ్ళిన చోట ఏం చూశారో మనకి ఎవరూ వచ్చి చెప్పరు. ఈ ఉద్యోగంలో ఉన్న పెద్ద వెలితి అదే. మన బల్ల మీంచి అందరూ వెళ్ళడమే మనం చూస్తాం. ఏ రేవులోనూ మనం ఉండం.

కుడి కన్ను

దాలమ్మ వచ్చి చెప్పింది. వినాయక చవితి వెళ్ళిన తరవాతి వారం, రద్దీ లేని మధ్యాహ్నం. వెంట సూరమ్మ కూడా ఉంది.

"వొచ్చీసినాదమ్మా" అంది సూరమ్మ, తానే వెళ్ళి తెచ్చినట్టుగా. "వొచ్చినకాణ్ణుంచి అక్కడి వోన గురించే సెప్తాది. మనకి వోనల్నేవేటి?"

"నువ్వూరుకోయే" అంది దాలమ్మ.

నేను ఆగలేకపోయాను. "చూసిందా మిమ్మల్ని?"

"సూసినాది." దాలమ్మ కుర్చీలో కూర్చుంది. ఈసారి అడక్కుండానే కూర్చుంది. "ఇంట్లోకెల్లగానే కిటికీ కాడికి లాక్కెల్లినాది. గెడ్డం అట్టుకొని అటు తిప్పి, ఇటు తిప్పి, ఆ కుడి కన్ను నా మొకానికి ఆనించినంత దగ్గిరెట్టి సూసినాది. సూసి, అమ్మా అన్నాది."

అర్థం కాక చూశాను.

"నాను మా యమ్మలాగ ఉన్నానటమ్మా. రేవులో ఓడెక్కినప్పుడు సూడ్డమే కదా దాన్కి మా యమ్మని. అప్పటికి మా యమ్మ పడుసుది. ముసల్దయితే ఎలగుండీదోనని ఇన్నేళ్ళూ అనుకున్నాదట. నన్ను సూడగానే అదిగో ఇలగే అనీసినాది. అబద్దం కాదు, ఆకర్రోజుల్లో మా యమ్మ నాలాగే ఉండీది. నాను దాలినే అప్పా అని నానంతే, తెలుసే అనీది. అనీసి మళ్ళీ అలగే సూసీది. నా తల దువ్వినాది. అమ్మా తిన్నావా అని అడిగినాది. ఉన్నన్నాళ్ళూ అంతే."

తరవాత అరచేతులు బల్ల మీద పరిచి వాటికేసి చూస్తూ అంది:

"ఎంత కన్ను మిగిల్నాదో అంతా మా యమ్మకే ఇచ్చీసినాది. తప్పేటుంది? అమ్మ కదా. నాకు మిగల్నేదు, అంతే."

"అందుకే ఎల్లొద్దన్నాను" అంది సూరమ్మ. కానీ ఆ మాట అంటూ దాలమ్మ వీపు మీద చెయ్యి వేసింది.

దాలమ్మ సంచీలోంచి పాస్‌పోర్టు తీసింది. ప్లాస్టిక్ కవరు వేసి ఉంది. నా ముందు పెట్టి, "ఇది ఎన్నాళ్ళు సెల్తాదమ్మా?" అని అడిగింది.

"పదేళ్ళు."

"మళ్ళీ ఎల్తాను. వొచ్చే ఏడు ఎల్తాను."

సూరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను నోరు మూసుకుని ఉండాల్సింది. లెక్క వేసే అలవాటు ఊరుకోనివ్వలేదు. "వచ్చే ఏడాదికి ఆమె కన్ను..." అని ఆగిపోయాను.

"పోనీండమ్మా" అంది దాలమ్మ. "కన్ను పోతే గొంతే ఇంటాది. మొకం మా యమ్మది గానీ, గొంతు నాదే."